ఏ ముక్కకు ఏ బంక: స్కేల్ మోడల్ కిట్లు చేసేవాళ్లకు అనంతపురం ఎండలో నేర్చుకున్న పాఠాలు

అనంతపురం పాతూరులో నేను పోయే హార్డ్‌వేర్ అంగడాయన ఒకాయన ఉన్నాడు. "అన్నా, మంచి బంక ఒకటియ్యి" అంటే ఆయన కుర్చీలోంచి కదలడు. కళ్లజోడు పైనుంచి చూసి, "దేన్ని దేనికి అతికిస్తావప్పా?" అంటాడు. చెక్కా, తోలా, రబ్బరా, పైపా అన్నది తేలేదాకా ఆయన చెయ్యి అలమర వైపు పోదు. ప్లాస్టిక్ కిట్లు (ముక్కలు అతికించి చేసే విమానాలు, ట్యాంకుల చిన్న నమూనాలు) చేయడం మొదలుపెట్టి నాలుగేళ్లు గడిచాక గానీ ఆ ప్రశ్న ఎంత ఖరీదైనదో నాకు అర్థం కాలేదు. అప్పటిదాకా విమానం రెక్కైనా, అద్దమైనా, ఇత్తడి నిచ్చెనైనా అన్నింటికీ ఒకటే మందు: అంగడి ముందు దండలా వేలాడే సూపర్ గ్లూ ట్యూబు.

మా అక్క కొడుకు మొన్న దసరా సెలవుల్లో 1/35 ట్యాంకు, అంటే అసలుదాంట్లో 35వ వంతు సైజుది, పట్టుకొచ్చాడు. "మామా, చక్రాలు బాగానే అతుక్కున్నాయి గానీ ఈ ట్రాక్ మాత్రం ఎంత పూసినా ఊడొస్తా ఉంది" అన్నాడు. వాడు చేసిందీ నేను ఒకప్పుడు చేసిన పనే. వాడికి వరసగా చెప్పుకొచ్చినదే ఇక్కడ రాస్తున్నాను. ట్రాక్ (చక్రాల చుట్టూ తిరిగే పట్టా) సంగతి చివర్న వస్తుంది, అది కాస్త మొండి ఘటం.

మొదటి పని: ముక్క ఏ ప్లాస్టిక్కో తేల్చుకోవడం

కిట్ పెట్టె తెరిస్తే ముక్కలన్నీ ఒక ప్లాస్టిక్ చట్రానికి కాయల్లా వేలాడుతుంటాయి. ఆ చట్రాన్ని స్ప్రూ అంటారు, కొందరు రన్నర్ అంటారు. ముక్కలు కోసుకున్నాక దాన్ని చెత్తలో వేయకండి. బంక పరీక్షకు అంతకంటే మంచి వస్తువు లేదు. ముందు ముందు దాంతో ఇంకో పని కూడా ఉంది.

ఎయిర్‌ఫిక్స్ కంపెనీ వాళ్లు 1953లో 1/72 స్పిట్‌ఫైర్ విమానం కిట్ తెచ్చిన కాలం నుంచి ఇవాళ్టి టమియా, రెవెల్, అకాడమీ కంపెనీల దాకా కిట్లలో గట్టి ముక్కలు ఎక్కువగా పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తోనే వస్తున్నాయి. అయితే ఒకే పెట్టెలో రెండు మూడు రకాలు కలిసి ఉండొచ్చు. బందాయ్ కంపెనీ గుండం రోబో కిట్లలో చూడండి: పై కవచం పాలీస్టైరీన్, కొన్నింట్లో కదిలే కీళ్లు ఏబీఎస్ అనే ఇంకో గట్టి ప్లాస్టిక్, కీళ్ల లోపల బుడిపెలు మెత్తటి పాలీఎథిలిన్. ట్యాంకు కిట్లలో ట్రాక్ మెత్తటి వినైల్. ఖరీదైన కిట్లలో పల్చటి ఇత్తడి రేకు ముక్కలు, రెజిన్ పోత పోసిన తలకాయలు కూడా ఉంటాయి.

చాలా కిట్లలో స్ప్రూ అంచున ఎక్కడో చిన్న పలక మీద పీఎస్ (పాలీస్టైరీన్), ఏబీఎస్, పీఈ (పాలీఎథిలిన్) అని పొడి అక్షరాలు ఉబ్బెత్తుగా అచ్చయి ఉంటాయి. టార్చి అడ్డంగా కొట్టి చూస్తే కనిపిస్తాయి. అవి లేకపోతే స్టీలు గ్లాసులో నీళ్లు పోసి, స్ప్రూ తుంపొకటి వేసి, గాలి బుడగలు అంటుకోకుండా వేలితో అదిమి వదలండి. నీళ్ల సాంద్రత 1 అనుకుంటే పాలీస్టైరీన్‌ది 1.05 దాకా ఉంటుంది కాబట్టి నిదానంగా మునుగుతుంది. పాలీఎథిలిన్ నీళ్ల కంటే తేలిక, పైకి తేలుతుంది. తేలే ముక్కకు మామూలు బంకలేవీ పట్టవు, దాని మీద డబ్బు తగలేయకండి. మునిగినంత మాత్రాన పాలీస్టైరీనే అనుకోవడానికీ లేదు, ఏబీఎస్ కూడా మునుగుతుంది. ఇక మూడో పరీక్ష: మోడల్ సిమెంట్ (కిట్ల కోసమే అమ్మే ద్రావకం) ఒక చుక్క స్ప్రూ మీద పెట్టి పది సెకన్లు ఆగి గోటితో గీరండి. పాలీస్టైరీన్ అయితే నిగనిగలాడి, మెత్తబడి, గోరు గాటు పడుతుంది. ఏబీఎస్ కూడా కొంత మెత్తబడొచ్చు, దాన్ని పొడి అక్షరాలు చూసే తేల్చుకోవాలి.

ఇంట్లో పిల్లలుంటే ఇంకో తమాషా చూపించండి. ఇంట్లో పడేసిన థర్మోకోల్ కూడా పాలీస్టైరీనే, లోపల గాలి నింపి ఉబ్బించినది. మన జిల్లా చీనీకాయ తొక్క ఒలిచి, దాని పసుపు వైపును థర్మోకోల్‌కు ఎదురుగా పెట్టి మడిచి నొక్కండి. చిమ్మిన తుంపర పడ్డచోట థర్మోకోల్ కుంగి చిన్న గుంటలు పడతాయి. తొక్క నూనెలో ఉండే లిమోనీన్ పాలీస్టైరీన్‌ను కరిగిస్తుంది. టమియా అమ్మే లిమోనీన్ సిమెంట్ సారమూ ఇదే, మూత తీస్తే నారింజ వాసన వేస్తుంది. ఘాటు వాసన పడని ఇళ్లలో అది చక్కగా పనికొస్తుంది, కాకపోతే ఆరడానికి ఎక్కువ సేపు తీసుకుంటుంది.

సిమెంట్ వేరు, బంక వేరు

మోడల్ సిమెంట్ నిజానికి బంక కాదు. పేరు చూసి హార్డ్‌వేర్ అంగడిలో అడిగితే "ఎన్ని మూటలు?" అంటారు, అది వేరే సంగతి. ఇది పాలీస్టైరీన్‌ను కరిగించే ద్రావకం. టమియా ఎక్స్‌ట్రా థిన్ సీసాలో ఉండేది ముఖ్యంగా అసిటోన్, బ్యూటైల్ అసిటేట్. రెండు ముక్కల అంచులూ అందులో మెత్తబడతాయి, వాటి పొడవాటి అణు గొలుసులు ఒకదాంట్లోకి ఒకటి చొరబడి చిక్కుపడతాయి, తర్వాత ద్రావకం గాలిలోకి ఎగిరిపోతుంది. పెళ్లిళ్ల పేరయ్యలాగా ఇద్దర్నీ కలిపి తాను తప్పుకుంటుంది. మిగిలేది ఒకటే ప్లాస్టిక్. బాగా ఆరిన అతుకును విరిస్తే ఒక్కోసారి పక్కన విరుగుతుంది గానీ అతుకు దగ్గర కాదు.

సూపర్ గ్లూ, ఫెవికాల్, అరల్డైట్ వంటివి అట్లా కాదు. అవి రెండు ముక్కల మధ్య మూడో పొరగా గట్టిపడి అక్కడే ఉండిపోతాయి. అతుకు బలమంతా ఆ పొర బలమే.

ఇక్కడి నుంచి లెక్క సులువు. పాలీస్టైరీన్‌కు పాలీస్టైరీన్ అతికించేటప్పుడు సిమెంట్. ఒక పక్క ఇత్తడో, రెజినో, చెక్కో ఉంటే సిమెంట్ పనిచేయదు, అక్కడ సూపర్ గ్లూ గానీ అరల్డైట్ గానీ వాడాలి. రంగు వేసిన లేదా వెండిపూత పూసిన పాలీస్టైరీన్ ముక్కలుంటే అతుకు పడేచోట పూతను బ్లేడుతో గీకి అసలు ప్లాస్టిక్ బయటపెట్టాలి, లేకపోతే సిమెంట్ పూతను కరిగిస్తుంది గానీ ముక్కను పట్టుకోదు. ఏబీఎస్‌కు మాత్రం ఏబీఎస్ సిమెంట్ అని విడిగా అడిగి తెచ్చుకోండి.

చిక్కటిదా, పల్చటిదా

చిక్కటి సిమెంట్‌లో ద్రావకంతో పాటు కరిగించిన పాలీస్టైరీన్ కూడా కొంత ఉంటుంది, అందుకే తేనెలా సాగుతుంది. ఇది ముందు ముక్కకు పూసి తర్వాత జత చేసేది. ముక్కను అటూ ఇటూ జరిపి సరిచూసుకోవడానికి వ్యవధి ఇస్తుంది. ట్యాంకు చక్రాల జతలు, లోపల కనబడని అడ్డగోడలు, పెద్ద రెక్కల మొదళ్లు దీనికి అప్పగించండి. రెవెల్ కాంటాక్టా ప్రొఫెషనల్‌కు సూది ముక్కు ఉంటుంది, కొత్తవాళ్లకు చేతిలో బాగా ఒదుగుతుంది. ఆ సూది పూడుకుపోతే కరెంటు వైరులోని సన్నటి రాగి పోగు ఒకటి దూర్చి తీయండి. అగ్గిపుల్లతో కాల్చి తెరిచే వీరులున్నారు. లోపలున్నది మండే సరుకని గుర్తుంటే ఆ పని చేయరు.

పల్చటిది నీళ్లలా ఉంటుంది. టమియా ఎక్స్‌ట్రా థిన్ ఆకుపచ్చ మూతతో 40 మిల్లీలీటర్ల సీసాలో వస్తుంది, మూతకే లోపల సన్న కుంచె ఉంటుంది. మిస్టర్ సిమెంట్ ఎస్ కూడా ఇదే కోవ. దీన్ని వాడే పద్ధతి పూర్తిగా తలకిందులు: ముందు ముక్కలు జత చేసి పట్టుకోవాలి, తర్వాత సందుకు కుంచె కొస తాకించాలి. దీపం వత్తిలోకి నూనె పాకినట్టు ద్రావకం సన్నటి సందు వెంట తనంతట తానే పరుగెత్తుతుంది. చూడటానికి భలే ఉంటుంది: పొడిగా ఉన్న గీత క్షణంలో తడి గీతగా మారుతూ పోతుంది.

ఒక్క సీసాకే డబ్బులున్నాయంటే పల్చటిదే కొనండి. చిక్కటిది కావాలంటే ఇంట్లో చేసుకోవచ్చు, ఆ సంగతి కొంచెం కిందికి వస్తే ఉంది. పల్చటిది ఇంట్లో చేసుకోలేరు.

విమానం ఒళ్లు అతికించడం, నిదానంగా

అతికించే ముందు ముక్కలను గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టండి. అచ్చులోంచి ముక్క ఊడి రావడానికి ఫ్యాక్టరీలో వాడే జారుడు మందు కొన్ని కిట్లకు అంటుకుని ఉంటుంది. స్ప్రూ నుంచి ముక్కను తుంచకండి, కత్తిరించండి. మిగిలిన బుడిపెను చెక్కడానికి సర్జికల్ సామాన్ల అంగడిలో దొరికే 11 నంబరు బ్లేడు, 3 నంబరు పిడి నాకు ఇప్పటికీ ఇష్టం. నునుపుకు రంగుల అంగడిలో 400, 600, 1000 నంబరు వాటర్ పేపర్లు కొనుక్కోండి, నీళ్లలో తడిపి రుద్దండి.

ఇప్పుడు బంక లేకుండా రెండు సగాలూ జత చేసి వెలుతురుకు పట్టి చూడండి. వెలుతురు కనిపించే చోటు ఉందంటే అక్కడ లోపల ఏదో గుబ్బ అడ్డం తగులుతోంది. దాన్ని చెక్కేయాలి. బంకతో సందు పూడ్చుదాం, చేత్తో నొక్కి సరిచేద్దాం అనుకుంటే ఆరేలోగా ముక్క మళ్లీ తన వంపుకే పోతుంది. నేను అతికించడానికి తీసుకునే సమయంలో ముప్పాతిక వంతు ఈ పొడి జతకే పోతుంది, అతికించడం రెండు నిమిషాల పని.

జత కుదిరాక మాస్కింగ్ టేపు ముక్కలు అంగుళానికొకటి అడ్డంగా వేయండి. టేపు లేకపోతే రబ్బరు బ్యాండ్లు, బట్టలారేసే క్లిప్పులు చాలు. కుంచెను సీసా మూతికి ఒత్తి అదనపు చుక్క రాల్చేయండి. టేపుకు టేపుకు మధ్య మాత్రమే, వీలైతే లోపలి వైపు నుంచి, సందుకు తాకించండి. ఇక్కడే అందరూ దెబ్బతినేది: ద్రావకానికి టేపు అంచు కిందా, వేలి కిందా కూడా సందే కనిపిస్తుంది. అక్కడికీ పాకుతుంది. మీరు గట్టిగా పట్టుకున్న బొటనవేలి కిందికి అది చేరిందంటే, వేలు తీసేసరికి రెక్క మీద మీ వేలిముద్ర ఆధార్‌కు ఇచ్చినంత స్పష్టంగా అచ్చయి ఉంటుంది. అట్లా జరిగితే తుడవకండి, తుడిస్తే పులిమినట్టవుతుంది. ముక్కను కింద పెట్టి ఒక రోజు ఆరనిచ్చి 600 పేపరుతో రుద్దితే పోతుంది.

పది సెకన్లాగి రెండు సగాలను కొంచెం గట్టిగా అదమండి. సందు వెంట కరిగిన ప్లాస్టిక్ సన్నటి పూసలా పైకి ఉబుకుతుంది. అది రావాలి. ఆ పూస వచ్చిందంటే లోపల ఖాళీ లేదని అర్థం. ఒక రోజు పక్కన పెట్టి, గట్టిపడ్డాక ఆ పూసను గీకి రుద్దితే అతుకు గీత మాయమవుతుంది, పుట్టీ అక్కర్లేదు.

ఇక ఇంట్లో చేసే చిక్కటి సిమెంట్. దాచమన్న స్ప్రూను చిన్న చిన్న తుంపులు చేసి, పల్చటి సిమెంట్ సగమైపోయిన సీసాలో వేసి మూత బిగించి ఒక రాత్రి ఉంచండి. తుంపులు కరిగి జావలా తయారవుతుంది. పల్చగా ఉంటే ఇంకొన్ని తుంపులు, గట్టిపడితే నాలుగు చుక్కల సిమెంట్. అతికించడానికీ, చిన్న సందులు పూడ్చడానికీ రెండింటికీ పనికొస్తుంది. మందంగా పూస్తే మాత్రం ఆరడానికి రోజులు పడుతుంది, ఆరేకొద్దీ కుంగుతుంది కూడా.

సూపర్ గ్లూ: ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు

సూపర్ గ్లూ అసలు పేరు సయనోఅక్రిలేట్, దానిది వింత పుట్టుక. 1942లో ఈస్ట్‌మన్ కొడాక్‌లో హ్యారీ కూవర్ బృందం తుపాకీ గురి అద్దాలకు పారదర్శక ప్లాస్టిక్ కోసం వెతుకుతుంటే ఇది తగిలింది. ముట్టుకున్నదానికల్లా అతుక్కుపోతోందని విసుగుపడి పక్కన పెట్టేశారు. ఆ విసుగే సరుకై 1958లో మార్కెట్లోకి వచ్చింది. మన దగ్గర ఫెవిక్విక్ పేరుతో ఐదు పది రూపాయల ట్యూబుల్లో ప్రతి కిరాణా అంగడిలోనూ దొరుకుతుంది.

ఇది ఎండి గట్టిపడేది కాదు, తేమ తగిలి గట్టిపడేది. ముక్కల మీద, గాలిలో ఉండే కంటికి కనబడని తడి దీన్ని రేపుతుంది. అందుకే అనంతపురంలో దీని ప్రవర్తన నెలకో రకంగా ఉంటుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వాన పడే ఊరు మనది. ఏప్రిల్ మధ్యాహ్నం గాలి పొట్టులా పొడిగా ఉన్నప్పుడు చుక్క పెట్టి పట్టుకుంటే ఎంతకీ పట్టదు. అప్పుడు ముక్క అంచు మీద అద్దం తుడిచేముందు ఊదినట్టు ఒకసారి హా అని ఊది, రెండో ముక్కకు చుక్క పెట్టి కలపండి. అదే అక్టోబరు ముసురులో అయితే ముక్క సరిగ్గా కూర్చోకముందే బిగుసుకుంటుంది. ఇంకో సంగతి చాలామంది గమనించరు: ఎండాకాలంలోనే అయినా గదిలో నీళ్ల కూలర్ తిరుగుతుంటే లోపల గాలి వానాకాలం గాలే. బయటి ఎండను చూసి మోసపోకండి.

వాడే చోట్లు: ఇత్తడి రేకు ముక్కలు, రెజిన్, లోహపు గొట్టాలు, ప్లాస్టిక్‌కు ప్లాస్టిక్ కాని దేన్నైనా అతికించేటప్పుడు. ట్యూబును నేరుగా మోడల్ మీద ఎప్పుడూ పిండకండి. పాత టైలు ముక్క మీద ఒక చుక్క రాల్చి, కుట్టుసూది వెనక వైపుతో ఆవగింజంత తీసుకుని అతుకుకు తాకించండి. ఎంత పల్చటి పొర ఉంటే అంత గట్టి పట్టు. సందు పూడ్చాల్సి వస్తే పొడి వంట సోడా కూరి పైన చుక్క వేయండి. క్షణంలో రాయవుతుంది, వేడెక్కుతుంది కూడా, వేలు పెట్టకండి. పది నిమిషాల్లోనే రుద్దేయండి, రేపు చూద్దాంలే అనుకుంటే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కంటే గట్టిగా తయారై పక్క ప్లాస్టిక్ అరుగుతుంది గానీ అది అరగదు.

నూలు గుడ్డతో గానీ దూదితో గానీ ఒలికిన సూపర్ గ్లూ తుడవకండి. నూలుతో కలిస్తే దానికి వేడి పుడుతుంది, ఎక్కువ ఒలికితే పొగ వచ్చి చెయ్యి కాలేంత. వేళ్లు అతుక్కుంటే లాగకండి, గోరువెచ్చని సబ్బునీళ్లలో ఉంచి మెల్లగా దొర్లించండి, లేదా అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్ రాయండి. అదే రిమూవర్ మోడల్ మీద పడితే మోడల్ కరిగిపోతుంది.

ముఖ్యంగా వాడకూడని చోటు అద్దాలు, అంటే కిట్‌లోని పారదర్శక ప్లాస్టిక్ ముక్కలు. నా మొదటి మిగ్-21, 1/72, నెలన్నర కష్టపడి చేసినది. అక్టోబరులో ఒక వాన సాయంత్రం పైలట్ గది అద్దం సూపర్ గ్లూతో అతికించి, దుమ్ము పడకుండా పెట్టెలో పెట్టి మూత వేసి పడుకున్నాను. పొద్దున తీస్తే అద్దం ముసలాయన కంటికి శుక్లం వచ్చినట్టు తెల్లగా ఉంది. గట్టిపడేలోగా గ్లూ నుంచి లేచే ఆవిరి గాలిలో తేమతో కలిసి తెల్లటి పొడిగా దగ్గరున్న అద్దం మీదే కూర్చుంటుంది. గ్లూ ఎక్కువ పెట్టడం, తేమ, మూసిన పెట్టె మూడూ నేనే సమకూర్చాను. బయటి వైపు పళ్లపొడితో రుద్ది పోగొట్టాను. లోపలి వైపు ఇప్పటికీ అట్లాగే ఉంది, ఆ పైలట్ మంచులో ఎగురుతున్నాడు.

అద్దాలకు ఫెవికాల్

1959లో పిడిలైట్ మొదలుపెట్టిన తెల్ల ఫెవికాల్ ప్లాస్టిక్ మోడళ్లకు పనికిరాదని చాలామంది తీసిపారేస్తారు. బరువు మోసే అతుకులకు నిజంగానే పనికిరాదు. కానీ అద్దాలకు అంతకు మించినది లేదు: పొగ రాదు, ప్లాస్టిక్‌ను కరిగించదు, పల్చగా రాస్తే ఆరాక కంటికి ఆనదు, పొరపాటున పూసుకుంటే తడి దూదితో తుడిచేయొచ్చు. అగ్గిపుల్ల కొసతో అంచు వెంట పల్చగా రాసి, అద్దం కూర్చోబెట్టి, సన్న టేపు వేసి ఒక రాత్రి వదిలేయండి.

రైలు మోడళ్లు చేసేవాళ్లకు ఫెవికాల్ ఇంకా దగ్గరి చుట్టం. గుంతకల్లు, గుత్తి పక్కన పెరిగినవాళ్లకు డీజిల్ ఇంజన్ మీద మోజు ఉండటంలో వింత లేదు. పట్టాల మధ్య కంకర పరవాలంటే పెన్న ఇసుకను కడిగి ఎండబెట్టి, టీ వడగట్టే జాలీలో జల్లించి, పట్టాల మధ్య పొడిగా పరిచి కుంచెతో సర్దండి. ఫెవికాల్, నీళ్లు సమంగా కలిపి అందులో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేయండి. ఆ చుక్క లేకపోతే బొట్టు ఇసుక మీద ముత్యంలా నిలబడి గింజల్ని దొర్లిస్తుంది, ఉంటే చల్లగా ఇంకిపోతుంది. ముందు నీళ్ల తుంపర కొట్టి, తర్వాత సిరంజితో బొట్టు బొట్టుగా వదలండి.

అరల్డైట్, ముక్కులో బరువు

మిగ్-21 లాంటి ముక్కు చక్రం ఉన్న విమానాల్లో ముందు బరువు పెట్టకపోతే తోక మీద కూలబడతాయి. సైకిల్ అంగడిలో దొరికే బేరింగ్ గుండ్లు నాలుగైదు ముక్కులో పోసి అరల్డైట్‌తో పూడ్చేయండి. రెండు ట్యూబుల్లోంచి సమానంగా పిండి, ఒకే రంగు వచ్చేదాకా పుల్లతో కలపాలి. ఒకటి ఎక్కువైతే అది ఎన్నటికీ పూర్తిగా గట్టిపడదు, ఏడాది తర్వాత కూడా వేలికి జిగురు తగులుతుంది. పెట్టె మీద ఐదు నిమిషాలు అని రాసినది మే నెల మధ్యాహ్నం ఐదు నిమిషాలు ఆగదు, అందుకని కొంచెం కొంచెం కలుపుకోండి. కప్పులో కుప్పగా కలిపితే దాని వేడికి అదే ఇంకా తొందరగా బిగుస్తుంది.

బరువుకు సీసం వాడేవాళ్లకు ఒక హెచ్చరిక: సీసపు గుండ్లను ఫెవికాల్‌తో పూడ్చకండి. తెల్ల బంక సీసాన్ని మెల్లగా తినేస్తుంది, సీసం తెల్లటి పొడిగా మారి ఉబ్బుతుంది, కొన్నేళ్లకు మోడల్‌ను లోపల్నుంచి పగలగొడుతుంది. సీసానికి అరల్డైట్ ఒక్కటే.

కొనడం, దాచడం, ఎండ

మోడల్ సిమెంట్ మన ఊళ్లో అంగళ్లలో నాకు దొరకలేదు. పెద్ద ఊళ్ల హాబీ షాపుల నుంచి తెప్పించుకోవాలి. మండే ద్రవం కాబట్టి పార్శిల్ రోడ్డు మీదే వస్తుంది, ఆలస్యమవుతుంది. వేసవికి కావాల్సింది ఫిబ్రవరిలోనే తెప్పించుకోవడం నయం. ఒకసారి మేలో తెప్పించిన సీసా మూత సరిగా బిగించకుండా వచ్చింది, తెరిస్తే అడుగున రెండు వేళ్ల ద్రవం, పెట్టె నిండా వాసన.

దొరకట్లేదు కదా అని పైపులకు పూసే సాల్వెంట్ వాడకండి. అది పీవీసీ కోసం చేసిన చిక్కటి సరుకు, చిన్న ముక్కల వివరాలను మింగేస్తుంది. అక్రిలిక్ బోర్డులు చేసేవాళ్లు క్లోరోఫామ్ వాడతారు, అదీ పాలీస్టైరీన్‌ను కరిగిస్తుంది, కానీ ఇంట్లో పీల్చదగ్గది కాదు. ఒట్టి అసిటోన్ మన ఎండకు కుంచె మీదే ఆరిపోతుంది, అది 56 డిగ్రీలకే మరుగుతుంది.

ఎండాకాలంలో పల్చటి సిమెంట్‌తో పని తెల్లవారుజామునో రాత్రో పెట్టుకోండి. మధ్యాహ్నం 42 డిగ్రీల్లో ఫ్యాను కింద కూర్చుంటే ద్రావకం సందు చివరిదాకా పాకకముందే ఎగిరిపోతుంది, అతుకు పైకి బాగున్నట్టే కనిపించి రెండోరోజు చీలుతుంది. ఆవిరి బయటికి పోవడానికి కిటికీ తెరిచి ఉంచండి, ఫ్యాను మాత్రం మీ మీదికి కాకుండా గోడ వైపు తిప్పండి. గదిలో దోమల చుట్ట, అగరుబత్తి, దేవుడి దీపం ఉండకూడదు. అసిటోన్ ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు.

సీసా పడిపోవడం ఈ పనిలో అందరికీ జరిగేదే. ఒకసారి నా మోచెయ్యి తగిలి పూర్తయిన రెక్క మీద పావు సీసా ఒలికింది, రెక్క మైనంలా వంగిపోయింది. అప్పటి నుంచి సీసాను పాత స్టీలు డబ్బా మూతలో డబల్ టేపుతో అతికించి పెట్టుకుంటున్నాను. సూపర్ గ్లూ ట్యూబులు మూత బిగించి, గాలి చొరని డబ్బాలో, తేమ పీల్చే పొట్లంతో ఫ్రిజ్‌లో పెట్టండి. తీసిన వెంటనే తెరవకండి. చల్లటి ట్యూబు మీద పట్టే తేమ లోపలికి పోతే మొత్తం గడ్డకడుతుంది, గది వేడికి వచ్చేదాకా ఆగండి.

తప్పు అతికితే

సూపర్ గ్లూ అతుకు పెళుసు. మోడల్‌ను ప్లాస్టిక్ కవరులో చుట్టి ఒక రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి తీసి, అతుకును పక్కకు ఒక్క కుదుపు కుదిపితే తరచుగా టక్కున ఊడుతుంది. సిమెంట్ అతుకు అంత సులువుగా వదలదు. అతికించి గంట కూడా కాకపోతే సందు వెంట పల్చటి సిమెంట్ మళ్లీ పారించి, మెత్తబడ్డాక బ్లేడు కొసతో మెల్లగా విడదీయొచ్చు. రోజు దాటితే సన్న రంపం పెట్టి కోసుకోవడమే.

ఇక మా వాడి ట్రాక్. కొన్ని కిట్లలో ట్రాక్ మామూలు సిమెంట్‌కే అతికే పదార్థంతో వస్తోంది, సూచనల కాగితంలో ఆ మాట రాసి ఉంటుంది. వాడిది పాత అచ్చు, నల్లటి జారుడు వినైల్. సిమెంట్ పట్టలేదు, సూపర్ గ్లూ పట్టినట్టే పట్టి వంచగానే పెళ్లుమంది. పాతకాలం పద్ధతే చేశాం. ట్రాక్ ఒక కొసన రెండు గుబ్బలు, ఇంకో కొసన రెండు రంధ్రాలు ఉంటాయి. గుబ్బలను రంధ్రాల్లోంచి బయటికి లాగి, పాత స్క్రూడ్రైవర్ కొసను స్టవ్ మీద వేడి చేసి, గుబ్బ తలల మీద ఒక్కొక్క క్షణం అదిమాం. అవి మేకు తలల్లా చదునై బిగిశాయి. అతుకు పైకి కనబడకుండా ట్యాంకు కిందికి తిప్పి పెట్టాం. ఒక గుబ్బ ఎక్కువ వేడికి నలిగిపోయింది. దానికి మా అక్క కుట్టుపెట్టె లోంచి నల్లదారం తెచ్చి రెండు కుట్లు వేసింది. ఆ ట్యాంకు మీద బంక లేని చోటు అదొక్కటే, ఇప్పటిదాకా ఊడనిదీ అదే.